మా పన్నెండు సెంట్లు

మొన్న సంక్రాంతికి అమలాపురం వెళ్లినప్పుడు మా ఇంటిని టేపు పెట్టి కొలిచేను. 30 ఏళ్ల పైబడి ఇదే నా ఉద్యోగం, హైదరాబాదులో ఎంతమంది స్థలాలో కొలిచేను, ఎన్ని వందల ప్లాన్లో గీసేను, మా ఇల్లు మాత్రం ఎప్పుడూ కొలవలేదు, కొలవాలని తోచలేదు కూడా. ఇప్పుడెందుకు కొలవాల్సొచ్చిందంటే ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేస్తున్నాం. పెదనాన్నగారి పెద్దబ్బాయి, మా అన్నయ్య, ఫోన్ చేసి "ఒరేయ్, నువ్వుండగా బయటోడికి డబ్బులెందుకురా, ఆ కొలతలేవో నువ్వే తీసెయ్" అన్నాడు. సరే అని లేజరు మీటరు పట్టుకెళ్లేను గానీ అది ఆ ఇంట్లో పనిచేస్తేనా, స్తంభాలకి తగిలి ఏదో ఒక అంకె చూపిస్తుంది, గోడ ఒకచోట అడుగున్నర మందం ఇంకోచోట అడుగు, ఏ మూలా 90 డిగ్రీలు లేదు. చివరికి బజార్లోకెళ్లి పాతరకం గుడ్డ టేపు కొనుక్కొచ్చి ఒక కొస మా మేనల్లుడి చేతికిచ్చి కొలిచేను.

స్థలం 12 సెంట్లు. అంటే 580 గజాలు, ఆఫీసు భాషలో 485 చదరపు మీటర్లు. తాతయ్య 1940ల్లో కట్టించిన మండువా లోగిలి. ముందు వీధరుగు, తర్వాత పంచ, లోపలికెళ్తే నాలుగు పక్కలా వసారా, మధ్యలో ఆకాశం. వానొస్తే నాలుగు చూర్ల నీళ్లూ మండువాలోకి దూకేవి, నాయనమ్మ ఇత్తడి గంగాళం పెట్టేది, పిల్లలం ఆ ధారల కింద నిలబడితే జలుబులొస్తాయని తిట్టేది, తిడుతూనే తువ్వాలు పట్టుకుని నిలబడేది. వెనక పెరట్లో నుయ్యి, నాలుగు కొబ్బరిచెట్లు, ఒక పనస, గేదెల పాక, ఆ చివరాఖర్న మరుగుదొడ్డి. ఒక్కటే. ఈ ఒక్కటే అన్నమాట కొంచెం గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికొస్తాను.

నేను నాలుగో క్లాసులో ఉండగా, అంటే 1980 ప్రాంతం, ఆ ఇంట్లో ఎంతమందిమి ఉండేవాళ్లమో మొన్న రాత్రి నేనూ అన్నయ్యా అరుగు మీద కూర్చుని వేళ్లు మడిచి లెక్కేసేం. తాతయ్య, నాయనమ్మ, చిన్నప్పుడే భర్త పోయి పుట్టింటికొచ్చేసిన తాతయ్యగారి అక్క. పెదనాన్న, పెద్దమ్మ, వాళ్ల ముగ్గురు పిల్లలు. అమ్మా నాన్నా నేనూ చెల్లీ. పెద్ద బాబాయి, పిన్ని, వాళ్ల చంటిది. పెళ్లికాని చిన్న బాబాయి, చిన్నత్త. ఇక్కడికి 17. వెనక పోర్షన్లో 75 రూపాయల అద్దెకుండే హైస్కూలు మాస్టారు, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు, 21. గోదారి మధ్య లంకలో హైస్కూలు లేదని నాయనమ్మ పుట్టింటి వైపు నుంచి వచ్చి మా ఇంట్లో ఉండి చదువుకునే అన్నదమ్ములిద్దరు, వాళ్లతో 23. పెద్దత్త పురిటికొస్తే 24, పురుడయ్యేక 25. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు ఈ లెక్కలో లేరు, మావైపు చుట్టాలు ఒక్కపూట ఉండి వెళ్లే రకం కాదని మీకు చెప్పక్కర్లేదు కదా.

నా బుద్ధి ఊరుకోదు, ఫోన్లో క్యాలిక్యులేటర్ తీసేను. 485 చదరపు మీటర్లలో 23 మంది అంటే చదరపు కిలోమీటరుకి 47 వేల పైన. 2011 జనాభా లెక్కల్లో హైదరాబాదు జిల్లా 18 వేల చిల్లర, అప్పటి ఉమ్మడి తూర్పుగోదావరి 477. ఈ పోలిక తప్పని నాకూ తెలుసు, ఊరి లెక్కలో రోడ్లూ చెరువులూ స్మశానాలూ అన్నీ కలుస్తాయి, ఇంటి లెక్కలో కలవవు, పైగా ఏజెన్సీ కొండలన్నీ ఆ 477లోనే ఉన్నాయి కాబట్టి ఒక్క కోనసీమే తీస్తే ఇంకా చాలా ఎక్కువుంటుంది. అయినా సరే అన్నయ్యకి చూపించేను. వాడు కాసేపు చూసి "అంటే మనం బొంబాయి మురికివాడలో, ధారావిలో పెరిగేమంటావా" అన్నాడు.

ఇరుకని అనిపించేదా అంటే, మగపిల్లలకి మాత్రం ఎప్పుడూ అనిపించలేదు. ఎందుకంటే ఇంట్లో ఉంటే కదా. గదులనేవి మనుషులు పడుకోడానికి కాదు, ట్రంకుపెట్టెలూ బియ్యం బస్తాలూ కొబ్బరికాయల పోగూ పెట్టుకోడానికి. తాతయ్య మంచం పంచలో, చిన్న బాబాయి వీధరుగు మీద దోమతెర కట్టుకుని, మాస్టారు వెనక వసారాలో, పిల్లలందరం మండువా చుట్టూ బొంతల మీద ఒకే వరస, ఎవడు ఎవడి దుప్పటి లాక్కున్నాడన్నది పొద్దున్న పంచాయితీ. స్నానాలు కాలవలో. చదువు గుడి మండపంలో, అక్కడ లైటుండేది, కరెంటు బిల్లు దేవుడిది. సాయంత్రం పేపరు గ్రంథాలయంలో. వేసవిలో కాలవ కట్టేసినప్పుడు మాత్రమే ఇల్లు నిండిపోయినట్టుండేది, అందరూ నూతి దగ్గరే, చేద కోసం దెబ్బలాట. ఇల్లు 12 సెంట్లేగానీ మేం బతికింది వీధి చివర గుడి దాకా, ఇటు కాలవ రేవు దాకా. అరుగు మాదా వీధిదా అంటే ఇప్పటికీ చెప్పలేను, పగలంతా ఎవరెవరో కూర్చునేవారు, ఆకుకూరలమ్మి గంప దింపుకుని నాయనమ్మ దగ్గర మంచినీళ్లు తాగేది, సంతకెళ్లొచ్చే ముసలాయన ఎవరో తెలీదు ప్రతి వారం ఒక కునుకు తీసి వెళ్లేవాడు.

1986 ఆగస్టు వరద మావైపు వాళ్లకెవరికీ చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. నాయనమ్మ పుట్టిల్లు లంకలో, వాళ్ల ఊరు ఊరంతా పడవల మీద బయటికొచ్చేసింది, అందులో 18 మంది మా ఇంటికి. అప్పటికి మాస్టారు ట్రాన్స్‌ఫరై వెళ్లిపోయేరు, చిన్నత్తకి పెళ్లయిపోయింది, అయినా అందరం కలిపి 40కి దగ్గరపడ్డాం, తొమ్మిది రోజులు. పెద్ద డేగిసాలో పప్పుచారు, అరిటాకులు, బంతి తర్వాత బంతి. ఒక ముసలావిడ తన మేకని వదిలి రానంటే దాన్ని కూడా గేదెల పాకలో కట్టేం. ఎవరూ ఇంట్లో పట్టరేమో అని ఒక్క క్షణం ఆలోచించినట్టు నాకు గుర్తులేదు. నాయనమ్మ ఒక్కటే అంది, చింతపండు అయిపోతోంది అని.

మేడగది కథ కూడా చెప్పాలి. 1984లో పెద్ద బాబాయికి రెండో పిల్ల పుట్టేక ఒక గది కావాలన్నారు. తాపీమేస్త్రి వచ్చేడు, నోట్లో చుట్ట, చేతిలో కొబ్బరితాడు. పడమటింటి పైకప్పు మీద నిలబడి ఇటునుంచి అటు తాడు లాగి, ముగ్గు పోసి, "పన్నెండు పదకొండు వస్తాదండి" అన్నాడు. అదే ప్లాను, అదే శాంక్షను. పంతులుగారు వచ్చి ఈశాన్యం చూసేరు, మునిసిపాలిటీ బిల్లు కలెక్టరు ఆరు నెలల తర్వాత వచ్చి అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి ఇంటి పన్నులో మేడగది కలిపి రాసుకుని వెళ్లేడు. రూల్సే లేవా అంటే ఉన్నాయి, కాకపోతే కాయితం మీద లేవు. మన చూరు నీళ్లు పక్కోడి జాగాలో పడకూడదు, అదీ తాతయ్య లెక్క, అందుకే గోడకీ సరిహద్దుకీ మధ్య చూరు జాగా వదిలేడు. నేను పెద్దయ్యేక దాన్ని సెట్‌బ్యాక్ అంటారని నేర్చుకున్నాను. ఇంకోటి, పక్కింటి వంటింటి కిటికీకి ఎదురుగా మన కిటికీ పెట్టకూడదు. మేడగది కిటికీ అలాగే పెడితే పక్కింటాయన వచ్చి తాతయ్యతో ఏదో చెప్పుకున్నాడు, రెండు రోజుల్లో మేస్త్రి మళ్లీ వచ్చి ఆ కిటికీ మూసేసి తూర్పు వైపు పెట్టేడు. అర్జీ లేదు, నోటీసు లేదు.

ఇదంతా చదివి అబ్బా ఎంత బావుండేదో అనుకుంటున్నారు కదా, నేనూ ఇలాగే చెప్పేవాణ్ణి ఆఫీసులో. ఒకసారి ఇంట్లో అమ్మ ముందు చెప్తే ఆవిడ చేతిలో బీరకాయ పక్కన పెట్టి "నీకేం, మగపిల్లాడివి" అంది. పెళ్లై ఆ ఇంటికొచ్చిన నాలుగేళ్లు ఆవిడకి తలుపు గడియ పెట్టుకునే గది లేదు. చీర మార్చుకోవాలంటే గాదె గదిలో, బయట చెల్లెలు వరసైన వాళ్లెవర్నో కాపలా పెట్టుకుని. 23 మందికి ఆ పెరటి చివర ఒక్కటే దొడ్డి, ఆడవాళ్లందరూ తెల్లారగట్ల నాలుగింటికే లేవాల్సింది దానికోసమే, భక్తితో కాదు. నెలలో ఆ మూడు రోజులూ వెనక వసారాలో చాప మీద, వానొచ్చినా చలైనా. కొత్తల్లో నాన్నతో నాలుగు మాటలు మాట్లాడాలంటే మేనత్తగారింటికి వెళ్లొస్తామని చెప్పి సినిమా హాలుకెళ్లి మాట్లాడుకునేవారట. సినిమా ఏవిటో గుర్తులేదుట. మండువా అంటే నాకు వాన, ఆవిడకి ఇరవై కళ్లు. ఆ తర్వాత నేను ఆఫీసులో మా ఇంటి గురించి చెప్పడం తగ్గించేను.

నేను పాలిటెక్నిక్ అయ్యేక 1993లో రాజమండ్రి వచ్చి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదులో దిగేను. అమీర్‌పేట వెనక సందులో గది, ఐదుగురం, అందులో నలుగురం గోదారోళ్లమే. ఉద్యోగం ఒక ఆర్కిటెక్టు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా. అప్పటికి ఇంకా కంప్యూటర్లు రాలేదు, ట్రేసింగ్ పేపరు, రోట్రింగ్ పెన్నులు, తప్పొస్తే బ్లేడుతో గీకడం, అమ్మోనియా ప్రింటు వాసనకి కళ్లమ్మట నీళ్లు. అక్కడ మొదటిరోజు నేర్చుకున్న మాట ఎఫ్‌ఎస్‌ఐ. స్థలం ఎంతుంటే దానికి ఎన్ని రెట్లు కట్టుకోవచ్చో చెప్పే అంకె, 1.5 అంటే 100 గజాల స్థలంలో అన్ని అంతస్తులూ కలిపి 150 గజాలు, అంతే. మా సార్ బొంబాయిలో చదువుకున్నాయన, ఆ అంకె పేరు చెప్తేనే ఆయనకి బీపీ. "బొంబాయిలో 1991 రూల్స్‌లో ఐలాండ్ సిటీకి, అంటే అసలు ఊరికి 1.33, సబర్బులకి 1 పెట్టి కూర్చున్నారయ్యా, మూడు పక్కలా నీళ్లున్న ఊళ్లో పైకి కట్టద్దంటే జనం రావడం మానేస్తారా, వచ్చి గుడిసెల్లో ఉంటారు" అనేవాడు. నాకు అప్పుడు సగమే అర్థమయ్యేది. నా మనసులో జనం రావడానికీ అంతస్తులకీ సంబంధం లేదు, మా ఇంట్లో 23 మందిమి నేలమీదే ఉన్నాం కదా అని.

మా ఇంటి ఎఫ్‌ఎస్‌ఐ మొన్న లెక్కేసేను లెండి, మేడగదితో కలిపి 0.6 రాలేదు.

ఆఫీసులో రెండో రోజు నేర్చుకున్నది, ఒక బిల్డింగుకి రెండు డ్రాయింగులుంటాయని. ఒకటి శాంక్షను డ్రాయింగు, అది ఆఫీసర్లకి, రెండోది వర్కింగు డ్రాయింగు, అది మేస్త్రికి. రెండూ గీసేది నేనే. మొదటిదాంట్లో బాల్కనీ, రెండోదాంట్లో అదే బెడ్రూము. మొదటిదాంట్లో సెల్లారు పార్కింగు, రెండోదాంట్లో షాపులు. నేను మొదట్లో భయపడి ఇదేంటండీ అనడిగితే మా సీనియరు నవ్వి "ముందు కట్టేస్తారు, తర్వాత కట్టేస్తారు" అన్నాడు, మొదటి కట్టడం గోడలు, రెండో కట్టడం ఫైను. నిజంగానే 2007 డిసెంబరు ఆఖర్న బీపీఎస్ అని జీవో వచ్చింది, ప్లాను దాటి కట్టినవాళ్లు డబ్బు కట్టి రెగ్యులరైజు చేయించుకోవచ్చని, ఆఫీసు ముందు జనం సినిమా టిక్కెట్లకి నిలబడ్డట్టు నిలబడ్డారు, ఆ రెండు మూడు నెలలు మేం రాత్రీ పగలూ ఉన్నవి ఉన్నట్టు కొలిచి గీసిందే గీసింది. నా 15 ఏళ్ల అబద్ధాల డ్రాయింగులన్నిటికీ ఆ ఏడాది నిజం డ్రాయింగులు గీసేనన్నమాట. దానికీ ఫీజు తీసుకున్నాం.

మధ్యలో 1996 నవంబరు 6 తుఫాను. ఆ రాత్రి నేను హైదరాబాదులో, ఫోన్లు లేవు, మూడోరోజుకి గానీ ఊరు చేరలేకపోయేను. రావులపాలెం దాటింది మొదలు తోటలన్నీ దువ్వెనతో దువ్వినట్టు ఒకే వైపుకి పడుకుని ఉన్నాయి. మా పెరట్లో నాలుగు కొబ్బరిచెట్లలో మూడు పోయేయి, పెంకులు సగం పైన లేచిపోయేయి, ఇంట్లోవాళ్లందరూ రాత్రంతా ఎదురింటివాళ్ల డాబాలో ఉన్నారు. తుఫాను తర్వాత మా వీధిలో పెంకుటిల్లు మీద నమ్మకం పోయింది. పడ్డవాళ్లు స్లాబు వేసుకున్నారు, పడనివాళ్లు కూడా స్లాబు వేసుకున్నారు. పంపకాలు కూడా అప్పుడే మొదలయ్యేయి, ఎందుకంటే స్లాబు వెయ్యాలంటే ఎవరి ముక్క ఎవరిదో తేలాలి, పెంకుకి ఆ అవసరం లేదు, అందరి నెత్తి మీదా ఒకటే కప్పు. మా ఇల్లు మాత్రం తాతయ్య పట్టుబట్టి మళ్లీ పెంకే వేయించేడు. ఆయన పోయేక ఎవరూ ముట్టుకోలేదు, ప్రేమతో అనుకోకండి, ఆరు వాటాల సంతకాలు కుదరక.

2006 మార్చిలో హైదరాబాదుకి జీవో 86 వచ్చింది. సార్ ఆ కాపీ పట్టుకొచ్చి నా బల్ల మీద పడేసి "ఎఫ్‌ఎస్‌ఐ చచ్చిపోయిందయ్యా" అన్నాడు, స్వీట్లు తెప్పించేడు కూడా. ఎన్ని రెట్లు అన్న అంకె తీసేసి, స్థలం ఎంత, ముందున్న రోడ్డు ఎంత వెడల్పు, చుట్టూ ఎంత ఖాళీ వదులుతావు, దాన్నిబట్టి ఎంత ఎత్తు అని పెట్టేరు. కట్టే ఏరియాలో 10 శాతం కార్పొరేషన్‌కి తాకట్టు, ప్లాను ప్రకారం కడితేనే వదులుతారు. కాయితం మీద చాలా తెలివైన ఆలోచన, నేనిప్పటికీ అదే అంటాను, రోడ్డుని బట్టి ఎత్తు అనేది తాతయ్యకి చెప్పినా ఒప్పుకునేవాడు. 18 మీటర్లు, ఆ పైన అయితే అప్పట్లో హైరైజు, దానికి 40 అడుగుల రోడ్డు కావాల్సొచ్చేది, రూల్సూ వేరే. అందుకని అందరూ 18 లోపే ఆగేవారు. హైదరాబాదులో ఏ కాలనీకెళ్లినా కింద స్తంభాల మీద పార్కింగూ పైన ఐదంతస్తులూ ఒకే అచ్చులో పోసినట్టు ఎందుకుంటాయని అడుగుతారు చాలామంది, ఇదీ కారణం, అందం చూసి కాదు. ఆ పైన ఆరో అంతస్తు పెంట్‌హౌసు ఎలా వచ్చిందని మాత్రం నన్నడక్కండి.

తేడా ఎక్కడొచ్చిందంటే, రోడ్డు వెడల్పు అడిగేరు గానీ రోడ్డు కింద ఏముందో అడగలేదు. ఎస్‌ఆర్ నగర్ పక్కన ఒక సందు, పేరెందుకు, నేను వెళ్లిన కొత్తల్లో అందులో పది ఇళ్లు, జామచెట్లు, గేటు మీద కుక్క ఉన్నది జాగ్రత్త బోర్డులు. ఆ పదిట్లో ఏడింటికి ప్లాను గీసింది నేనే. పది కుటుంబాల చోట ఇప్పుడు 120కి పైన. డ్రైనేజీ పైపు మాత్రం ఆ పది ఇళ్లప్పుడు వేసిందే. వానాకాలం మ్యాన్‌హోలు పొంగి ఆ సందులోకి వెళ్లాలంటే ప్యాంటు మడుచుకోవాలి, ఒకసారి ఆ నీళ్లలో నిలబడి మా కస్టమరు ఒకాయన నన్ను గుర్తుపట్టి "మీరే కదండీ గీసింది" అన్నాడు, నవ్వుతూనే అన్నాడు గానీ నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. అలాగని కట్టకుండా ఉంటే ఆ 110 కుటుంబాలు ఎక్కడుండేవి? ఊరి బయట ముప్పై కిలోమీటర్ల అవతల, రోజూ మూడు గంటలు బస్సులో. వాళ్లలో సగం మన జిల్లాలవాళ్లే, చదువులకీ ఉద్యోగాలకీ వచ్చినవాళ్లు. పైకి కట్టడం తప్పు కాదు, పైన కట్టినంత కిందా కట్టాలి కదా, అది ఎవరి డ్రాయింగులోనూ లేదు, నా డ్రాయింగులో అయితే అసలే లేదు.

సార్‌కి ఇంకో కోపం ఉండేది, జీవో 111 మీద. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్ సాగరు, హిమాయత్ సాగరు చెరువులకి నీళ్లొచ్చే చోట పది కిలోమీటర్ల మేర, 84 ఊళ్లలో కట్టడాలు అదుపు చేస్తూ 1996లో ఇచ్చేరు. ఊరిని అటు పెరగనివ్వకపోతే ఇటు పిసుక్కుపోతుందని ఆయన, నీళ్లొచ్చే దారిలో ఇళ్లు కడితే ఏమవుతుందో లంకలోళ్లని అడగండి సార్ అని నేను. మా ఇద్దరికీ ఇదొక్కటే పోట్లాట. 2022లో ఆ జీవోలో ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో వచ్చినప్పటికి ఆయన లేడు, లేకపోతే మళ్లీ స్వీట్లు తెప్పించేవాడు, నేను తినేవాణ్ణి కాదు.

నా సొంత ఫ్లాటు సంగతి చెప్తే నవ్వుతారు. అందరికీ రూల్స్ చెప్పే నేను 2009లో సిటీ అంచున పంచాయతీ పర్మిషన్ ఉన్న అపార్ట్‌మెంట్లో కొన్నాను, కాయితంలో రెండంతస్తులు, కట్టింది ఐదు, నాది నాలుగో దాంట్లో. అంటే ప్రభుత్వ లెక్కలో నేను గాల్లో ఉంటున్నాను. తెలిసే కొన్నాను, నా జీతానికి అదే వచ్చింది. మొదటి వేసవిలోనే బోరు ఎండిపోయింది. కాలవ ఒడ్డున పుట్టి, వరదలో ఈత నేర్చుకున్నవాణ్ణి, రాత్రి పదకొండింటికి ట్యాంకరు ఎప్పుడొస్తుందా అని వాచ్‌మన్‌తో కలిసి రోడ్డు మీద నిలబడేవాణ్ణి. 2015 చివర్లో ఎల్లంపల్లి నుంచి పైపుల్లో గోదారి నీళ్లు హైదరాబాదుకొచ్చేయి. మా అపార్ట్‌మెంటుకి రావడానికి ఇంకా చాలా పట్టిందనుకోండి, కానీ మొదటిసారి కుళాయి తిప్పి ఇది గోదారేనుట అన్నప్పుడు అమ్మ అక్కడే ఉంది, దోసిట్లో పట్టుకుని వాసన చూసి "ఏమో, మందు కంపు" అని పారబోసింది.

మధ్యలో మంచివి కూడా జరిగేయి, అన్నీ తిట్టుకోకూడదు. తెలంగాణలో 2020లో ఆన్‌లైన్లో ఇళ్ల పర్మిషన్లిచ్చే టీఎస్ బీపాస్ వచ్చేక 75 గజాల లోపు స్థలంలో ఇల్లు కట్టుకునేవాడు ఒక్క రూపాయి కట్టి పేరు నమోదు చేసుకుంటే చాలు, 600 గజాల లోపైతే సొంత పూచీ మీద వెంటనే పర్మిషన్. మన ఆంధ్రాలో కూడా అంతా ఆన్‌లైన్, ఈమధ్య చిన్న బిల్డింగులకి లైసెన్సున్న ఇంజనీరే సర్టిఫై చేయొచ్చన్నారు. ఇవి చదివినప్పుడల్లా నాకు మేడగది మేస్త్రి గుర్తొస్తాడు, చుట్టా కొబ్బరితాడూ.

సరే, ఇప్పటి సంగతి. 2022 ఏప్రిల్లో కోనసీమ జిల్లా అయ్యింది, అమలాపురం హెడ్‌క్వార్టరు, ఆఫీసులొచ్చేయి, ఆఫీసర్లొచ్చేరు, అద్దెలు పెరిగేయి, మా వీధిలో కూడా లిఫ్టులున్న బిల్డింగులు లేచేయి. మా 12 సెంట్ల మీద ఒక బిల్డరు కన్నుపడింది. కింద స్టిల్టు, అంటే స్తంభాల మధ్య పార్కింగు, పైన నాలుగంతస్తులు, ఫ్లోరుకి రెండు, మొత్తం ఎనిమిది ఫ్లాట్లు, సగం ఆయనకి సగం మాకు. మాకొచ్చేవి నాలుగు, వాటాలు ఆరు, ఆ లెక్క తెమలడానికే రెండేళ్లు పట్టింది, ఎన్ని ఫోన్లో, ఎన్ని అలకలో, పెద్దత్త ఒకసారి భోజనం మధ్యలో లేచి వెళ్లిపోయింది. చివరికి ఇద్దరు డబ్బు తీసుకుని తప్పుకున్నారు.

నేను ఏసీ రూములో కూర్చుని ఆ ప్లాను గీస్తూ ఎవరెవరు ఉంటారో రాసుకున్నాను, అలవాటు. అమ్మా పిన్నీ ఒకదాంట్లో, ఇద్దరు. అన్నయ్యా వదినా, ఇద్దరు, వాళ్ల పిల్లలు బెంగళూరు. చిన్న బాబాయిది తాళం, వైజాగ్‌లో ఉంటారు. పెద్దత్తది తాళం, అలిగి దక్కించుకుందే గానీ కాకినాడ వదిలి రాదు. బిల్డరు అమ్మినవాటిలో ఒకటి డాక్టరు గారి కుటుంబం, నలుగురు. ఒకటి కువైట్‌లో ఉన్నాయన, తాళం. ఒకటి అమెరికా, తాళం. ఇంకోటి అమ్ముడుపోలేదు, అద్దెకిస్తే ఓ ముగ్గురు అనుకుందాం. మొత్తం 11. ఎఫ్‌ఎస్‌ఐ 2కి దగ్గరగా. 0.6లో 23 మంది ఉన్న చోట 2లో 11 మంది, ఎనిమిది కార్లకి పార్కింగు. నేను తప్పు లెక్కేసేనేమోనని మళ్లీ రాసేను. అంతే వచ్చింది. మళ్లీ వరదొస్తే లంకనుంచి వచ్చేవాళ్లు కాలింగ్ బెల్లు ఏ ఫ్లాటుది కొడతారో అన్నది కూడా ఒక ఆలోచన వచ్చింది గానీ దానికి డ్రాయింగులో చోటు లేదు.

ఇవన్నీ అమ్మకి చెప్పలేదు. ఆవిడకి ప్లాను చూపించేను, చదవడం రాదు ప్లాను, వేలు పెట్టి ఇదేంటి ఇదేంటి అనడిగింది. ఇది హాలు, ఇది వంటిల్లు, ఇది నీ గది, ఇది నీ గదిలో బాత్‌రూము. "నాకొక్కదానికేనా" అంది. నీకొక్కదానికే. "లోపల్నుంచి గడియ ఉంటుందా?" ఉంటుంది. 80 ఏళ్లావిడ ఆ కాయితాన్ని అలాగే పట్టుకుని ఎంతసేపు చూసిందో. "తొందరగా కట్టించండ్రా, నేనుండగా" అంది. నేను పెన్సిలుతో ఆ బాత్‌రూము ఇంకో అర అడుగు పెంచేను, హాల్లోంచి తీసి. డాక్టరుగారిదీ అదే వరస కాబట్టి వాళ్లకీ పెరిగింది, ఊరికే.

మండువా టేకు స్తంభాలు నాలుగూ కొనుక్కోడానికి ఇప్పటికే ఒక రిసార్టువాళ్లొచ్చి చూసుకున్నారు.

ఇక ఆఖర్న మిగిలింది వీధి కొలత. మా వీధి 24 అడుగులు. మా అపార్ట్‌మెంటుకి 30 కావాలి. తక్కువైన ఆరడుగుల్లో సగం మావైపు మేం, సగం అటువైపు కట్టుకున్నప్పుడు వాళ్లు, ఫ్రీగా రోడ్డుకి వదిలెయ్యాలి, అప్పుడే పర్మిషన్. న్యాయమే, రోడ్డు పెరగాలంటే ఇంకెలా పెరుగుతుంది, ఇదే మాట నేను ఎన్ని వందలమంది కస్టమర్లకి చెప్పేనో, మీ గేటు లోపలికి జరపాలండి అని, వాళ్లెందుకంత బాధపడతారో అప్పుడు అర్థమయ్యేది కాదు. మూడడుగులు. అంటే అరుగు.

సాయంత్రం ఎండ తగ్గేక మేనల్లుణ్ణి గోడ దగ్గర కొస పట్టుకోమని నేను వీధిలో మోకాళ్ల మీద కూర్చుని అరుగు వెడల్పు కొలుస్తుంటే ఎదురింటి మామ్మగారు కర్ర పట్టుకుని బయటికొచ్చేరు. తుఫాను రాత్రి మావాళ్లందర్నీ డాబాలో ఉంచుకున్నది వాళ్లే.

"ఏవిట్రా అబ్బాయ్ కొలుస్తున్నావ్?"

"అరుగండి మామ్మగారూ."

"మీ తాతగారి అరుగే? ఎంతొచ్చిందేంటి?"

"మూడడుగుల మూడంగుళాలండి."

"రోడ్డుకెంత కావాలంటన్నారు?"

"మూడడుగులండి."

ఆవిడ కాసేపు అరుగు వైపు చూసి, బోసినోటితో నవ్వేరు. "అయితే మూడంగుళాలు మిగిలిందిగా, కాఫీ గ్లాసు పెట్టుకో."

నేనూ నవ్వి టేపు చుట్టేసేను. గ్లాసు అడుగు రెండున్నర అంగుళాలుంటుంది. పడుతుంది.